నలభయ్యో గురువారం

ముప్పై తొమ్మిదో భాగం అయిపోయాక కూడా యాంటెన్నాను ఇంకో గురువారం అక్కడే ఉంచాలని గంధం వెంకటరత్నం అడిగాడు. అడిగింది 2028 మార్చి 30న, సాయంత్రం ఏడు నలభైకి, పెనుకొండ దగ్గర ఎర్రగుట్ట రేడియో పరిశోధన కేంద్రంలో. అప్పటికి తెరమీద చుక్కలు తప్ప ఏమీ లేవు.

"ఎందుకు బాబాయ్ గారూ? సీరియల్ అయిపోయిందిగా," అంది స్రవంతి.

"అప్పుడూ అయిపోయిందనే అన్నారమ్మా. నేను మాత్రం మరుసటి గురువారం ఏడింటికి టీవీ ముందు కూర్చున్నాను."

"ఏమొచ్చింది?"

"వయొలిన్ కచేరీ."

వెంకటరత్నం తెనాలి డిపోలో బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వయసు అరవై నాలుగు. 1991 జులై 4 నుంచి 1992 మార్చి 26 వరకు, ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి 'ధ్రువనౌక' అనే సీరియల్ వచ్చేది. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ కథ. ఆ తొమ్మిది నెలలూ అతను గురువారం డ్యూటీ ఎవరికో ఇచ్చి వాళ్ళ ఆదివారం తను చేశాడు. ప్రతి భాగంలో ఎవరు ఏం మాట్లాడారో వింటూ నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అలాంటి పుస్తకాలు ఆరు. తర్వాత స్టూడియో వాళ్ళు ఆ టేపుల మీద వేరే కార్యక్రమాలు రికార్డు చేసేశారు. దాంతో 'ధ్రువనౌక' అన్నది ఈ భూమ్మీద ఆ ఆరు పుస్తకాల్లో మాత్రమే మిగిలింది.

ముప్పై తొమ్మిదో భాగం చివర్లో ఓడకు దారి చూపే నావికురాలు ధనిష్ఠ బయటి గదిలో ఉండిపోతుంది. కెప్టెన్ భరణి లోపలినుంచి తలుపు మూస్తాడు. ఆమె మూడుసార్లు తలుపు తడుతుంది. అక్కడితో ఆపేశారు. ధనిష్ఠ బతికిందా లేదా అన్నది తేల్చడానికి 'ధ్రువనౌక ప్రేక్షక సంఘం' పుట్టింది. ఇప్పుడు పద్నాలుగు మంది సభ్యులున్నారు. వాళ్ళలో మూడు వర్గాలు. ఆ గదికి ఇంకో తలుపుందనేవాళ్ళు తలుపు వాదులు. పోయింది ధనిష్ఠ కాదు, ఆమె కవల సోదరి అనేవాళ్ళు కవల వాదులు. అదంతా కెప్టెన్‌కు వచ్చిన కల అనేవాళ్ళు కల వాదులు. కల వాదులతో మిగతావాళ్ళు కలిసి టీ తాగరు. ధనిష్ఠను తిరిగి తెచ్చి వేరే సీరియల్ తియ్యాలని, దాని కథ ఎలా ఉండాలో రాసి స్టూడియోకు నూట పదిహేడు ఉత్తరాలు పంపారు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ధనిష్ఠగా నటించింది పేరిచర్ల సునంద. స్రవంతి ఆమె కూతురు.

స్రవంతి ఎర్రగుట్టలో శాస్త్రవేత్త. ఆమె పని పల్సార్లతో. పల్సారంటే తన చుట్టూ తాను తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఒక రేడియో దెబ్బ కొట్టే నక్షత్రం. 2027 జూన్‌లో ఒక గురువారం సాయంత్రం ఆ దెబ్బల మధ్య ఆమెకు మనిషి గొంతు వినిపించింది. యంత్రం దాన్ని శుభ్రం చేసి మళ్ళీ వినిపించింది: "వరిలో అగ్గి తెగులు కనిపించిన వెంటనే..."

ఆ గొంతు ఎవరిదో ఆమె ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది. చిన్నప్పుడు పెరుగన్నం వదిలెయ్యకుండా తినమని చెప్పిన గొంతు అదే. ఆమె తండ్రి చంద్రశేఖరం వ్యవసాయాధికారి. 'ధ్రువనౌక'కు ముందు అరగంట రైతుల కార్యక్రమంలో మాట్లాడేవాడు.

హైదరాబాదులో టవరు పంపిన సంకేతాలు ఇళ్ళకే కాక ఆకాశంలోకీ పోయాయి. పద్దెనిమిదేళ్ళు ప్రయాణం చేసి ఎక్కడో దేనికో తగిలి, మళ్ళీ పద్దెనిమిదేళ్ళు ప్రయాణం చేసి వెనక్కి వచ్చాయి. తగిలినదేమిటో తెలియదు కాబట్టి కేంద్రంలో దానికి 'అద్దం' అని పేరు పెట్టారు. వచ్చిన బొమ్మలో ముప్పాతిక వంతు చుక్కలే. మాటల్లో సగం గరగర. అప్పుడు స్రవంతి వెంకటరత్నాన్ని వెతికి పట్టుకుంది. అతని పుస్తకాల్లో ఉన్న మాటల్ని యంత్రానికి ముందే నేర్పితే, గరగరలోంచి వాటిని ఏరడం దానికి తేలికైంది. తొమ్మిది నెలలుగా ప్రతి గురువారం అతను తెనాలినుంచి వచ్చి, పుస్తకం తెరుచుకుని, తెరముందు కూర్చుంటున్నాడు. తిరిగొస్తున్న సీరియల్ కూడా గురువారమే వస్తోంది, ఏడు గంటల పన్నెండు నిమిషాలకు.

"యాదృచ్ఛికం," అంది స్రవంతి.

"ఏదైతేనేం. పన్నెండు నిమిషాల లేటు, ముప్పై ఆరేళ్ళ మీద. మా డిపోలో అయితే సన్మానం చేసేవాళ్ళు," అన్నాడతను.

ఇప్పుడతను అడిగిన ఇంకో గురువారంతో రెండు చిక్కులున్నాయి. మొదటిది, 1992 మార్చి నెలాఖరుకు పాత టవరు ఆపేసి కొత్తది పెట్టారు. కొత్త టవరు సంకేతాన్ని కిందికి వంచి ఇళ్ళమీదికే పంపుతుంది. ఆకాశంలోకి పోనిది వెనక్కి రాదు. రెండోది, ఏప్రిల్ 6 సాయంత్రం ఆరునుంచి ఎనిమిది వరకు ఆమె పల్సార్ తన జంట నక్షత్రం వెనక్కి వెళ్తుంది. మూడేళ్ళకోసారి జరిగే పని అది. దాన్ని కొలిస్తే జూన్‌లో ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. యాంటెన్నా ఒకటే ఉంది.

"ఏమీ రాదు బాబాయ్ గారూ. లెక్క ప్రకారం రాదు."

"మీ లెక్క కాదనను. బస్టాండులో ఆఖరి బస్సు పోయిందని బోర్డు పెట్టాక కూడా ఎవరో ఒకళ్ళు కూర్చునుంటారు. నేను ముప్పై రెండేళ్ళు చూశాను వాళ్ళని. ఒక్కోసారి స్పెషల్ బస్సొస్తుంది."

*

ఆదివారం స్రవంతి విజయవాడ వెళ్ళింది. సత్యనారాయణపురంలో ఇంటి ముందు గదే సునంద జాకెట్లు కుట్టే షాపు. మెడలో టేపు వేసుకుని మిషను ముందు కూర్చుని ఉంది. తలెత్తకుండానే అడిగింది.

"ఏమే, నన్ను ఇంకోసారి చంపారటగా మొన్న?"

"చూడ్డానికి రమ్మన్నాగా అమ్మా."

"చచ్చేది చూడ్డానికి అంత దూరం బస్సెక్కి రావాలా? నేను స్వయంగా చచ్చినదాన్ని."

తొమ్మిది నెలల్లో సునంద ఒక్క భాగమూ చూడలేదు. చంద్రశేఖరం మాత్రం రైతుల కార్యక్రమాలన్నీ ఫోనులో వేయించుకున్నాడు. లోపల చిక్కుడుకాయలు వలుస్తూ కూడా వాటినే చూస్తున్నాడు.

"స్రవంతీ, ఇటు రా. ఈ జుట్టు చూడు. ఇది నాదే."

"చూశాన్నాన్నా. ముప్పై తొమ్మిది వారాలు చూశాను. అవునుగానీ, ప్రతిసారీ ఆఖర్న నమస్కారం పెట్టి కుడివైపుకి ఓ చూపు చూస్తావు. ఏముందక్కడ?"

"గడియారం. టైమైపోయిందేమోనని."

మిషను ఆగింది. "గడియారం ఎడమవైపుండేది," అంది సునంద ముందు గదిలోంచి.

"నీకేం తెలుసు? నువ్వు చూశావా?"

"చూడకపోవడమేమిటి? తర్వాతి సెట్టు మాదేగా. కుడివైపు కుర్చీలో వెండి రంగు బట్టలేసుకుని కూర్చునేదాన్ని."

చంద్రశేఖరం చిక్కుడుకాయలమీద శ్రద్ధ పెంచాడు.

పెళ్ళయిన ఏడాదే సునందకు ఆ వేషం వచ్చింది. సీరియల్ సగంలో ఉండగా కడుపుతో ఉందని తెలిసింది. ఎవరికీ కనబడకుండా దర్శకుడు ఒక ఉపాయం చెప్పాడు. ఓడలో అందరూ పెట్టుకునే హెల్మెట్లు స్కూటరు హెల్మెట్లే, వెండి రంగు వేసినవి. ఆమెను మాత్రం దాన్ని తలకు పెట్టుకోకుండా పొట్టకు అడ్డంగా పట్టుకోమన్నాడు. ఏడో నెల దాకా అలాగే నెట్టుకొచ్చింది.

"రెండు నెలలు సెలవడిగాను. ఒక తలుపిచ్చాడు," అనేది ఆమె ఎవరైనా అడిగితే. ఆ తర్వాత ఆమెను ఎవరూ నటించమని పిలవలేదు. కూతురితో మాత్రం నవ్వుతూ అనేది: "నీకోసం చచ్చానే నేను." స్రవంతి చిన్నప్పటినుంచీ ఆ మాట వింటోంది. ఒక్కసారి కూడా నవ్వలేదు.

వెంకటరత్నం అడిగింది ఆమె ఇప్పుడు తల్లికి చెప్పింది. పల్సార్ సంగతీ చెప్పింది.

"ఏంటే నీకు మతిపోయిందా? ఆ సీరియల్‌వల్ల ఈ ఇంట్లో ఒకళ్ళ పని పోయింది, చాలు. నీ నక్షత్రం నువ్వు చూసుకో."

"నువ్వు బతికావేమో చూడాలనుంది."

"నేను బతికే ఉన్నాగా. ఇదిగో, ఇవాళ నాలుగు జాకెట్లు ఇవ్వాలి."

తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో, గుంతకల్లు దాటాక, స్రవంతి డైరెక్టరుకు మెసేజి పెట్టింది. ఏప్రిల్ 6న యాంటెన్నాను అద్దంవైపే ఉంచుతానని, పల్సార్ కొలత వదులుకుంటానని.

డైరెక్టరు రెడ్డెప్ప ఆమెను సోమవారం పొద్దున పిలిచాడు.

"ఏమ్మా, ఇది నువ్వేనా రాసింది, ఆ కండక్టరు రాయించినాడా?"

"నేనే సార్."

"ఏమీ రాకపోతే?"

"ఏమీ రాలేదని రాస్తాను."

"నీ కాగితం నేను మీదికి పంపల్ల. వాళ్ళు అడుగుతారు, నక్షత్రం ఇడిసిపెట్టి సీరియల్ కోసరం కూసుండేదేంది అని. నేనేం చెప్పల్ల?"

రెడ్డెప్ప సంతకం పెట్టాడు. పెట్టి, "నా పెండ్లాం తలుపు వాది," అన్నాడు.

*

ఏప్రిల్ 6న సంఘం సభ్యులు పద్నాలుగు మందీ వచ్చారు. కల వాదులు ఇద్దరూ వెనక వరసలో కూర్చున్నారు. చంద్రశేఖరం ఇస్త్రీ చేసిన బుష్‌కోటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అతనితోపాటు సునంద కూడా వచ్చింది, కానీ కంట్రోల్ రూములోకి రాలేదు. క్యాంటీనులో కూర్చుంది.

"రండి మేడం గారూ," అన్నాడు వెంకటరత్నం.

"చుక్కలు చూడ్డానికి నేనెందుకండీ? బతికితే పిలవండి."

ఆరు నలభై రెండుకు రైతుల కార్యక్రమం రాలేదు. ఏడు దాటింది. తెరమీద చుక్కలున్నాయి. గోడమీద ఇంకో తెరలో పల్సార్ జంట నక్షత్రం వెనక్కి వెళ్ళే సమయం లెక్క నడుస్తోంది. స్రవంతి దానివైపు రెండుసార్లు చూసి, మూడోసారి ఆ తెర ఆపేసింది.

ఏడు పన్నెండుకు చుక్కల్లోంచి గోడ వచ్చింది. కోడిగుడ్ల అట్టలు అతికించి వెండి రంగు వేసిన గోడ. ధ్రువనౌక గోడ.

"పాత టేపు యాదో కలిసినట్లుంది," అన్నాడు రెడ్డెప్ప.

వెంకటరత్నం ఆరో పుస్తకం తెరిచాడు. పేజీలు వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. తెరమీద కెప్టెన్ భరణి, ఇద్దరు ఓడ మనుషులు నిలబడి ఉన్నారు. ఉన్నట్టుండి బొమ్మ పోయి 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న అట్ట వచ్చింది. అది అందరికీ అలవాటే. ముప్పై తొమ్మిది భాగాల్లో ఆ అట్ట అరవై రెండుసార్లు వచ్చిందని వెంకటరత్నం లెక్క రాసి పెట్టాడు.

ఈసారి బొమ్మ వెనక్కి జరిగింది. అట్ట ఓడ గోడకు తగిలించి ఉంది. దాని ముందు కెప్టెన్, మనుషులు చేతులు జోడించి, తలలు వంచి నిలబడి ఉన్నారు. పదకొండు సెకన్లు అలాగే ఉండి, తిరిగి ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళారు.

"ఇది నా పుస్తకంలో లేదు," అన్నాడు వెంకటరత్నం.

అప్పుడు ఓడలోకి బుష్‌కోటు వేసుకున్న మనిషి ఒకడు వచ్చాడు. జేబులో పెన్ను, కళ్ళజోడు, జుట్టు. అతను కెప్టెన్‌కు నమస్కారం పెట్టాడు.

"రైతు సోదరులకు నమస్కారం. ఇంధనం. ఎకరానికి. ఇరవై కిలోలు మాత్రమే ఉంది."

చంద్రశేఖరం కుర్చీలోంచి లేచాడు. "నేనలా అనలేదు! ఎకరానికి ఇరవై కిలోలు జింకు సల్ఫేటు వెయ్యమన్నాను! ఇంధనమని నేనెప్పుడన్నాను?"

"అన్నది నువ్వే నాన్నా. ఇంధనం కెప్టెన్ మాట, మూడో భాగంలోది. తక్కిన మాటలు నీవి. కోసి, గొంతు కలిపి అతికించారు," అంది స్రవంతి. "మనం పంపిన మాటలే ఉన్నాయి వాళ్ళ దగ్గర. వాటితోనే రాశారు."

"ఎవురు రాసినారు?" అన్నాడు రెడ్డెప్ప.

స్రవంతి పైకి చూపించింది. పైన సీలింగు ఉంది.

"అద్దమనుకున్నాం సార్. ఇన్నాళ్ళూ చూసింది చూసినట్టు తిప్పి పంపుతున్నారు, చూస్తున్నామని చెప్పడానికి. సీరియల్ ఆగిపోయింది. వారం ఆగి, తరవాయి వాళ్ళే తీశారు. ఆ అంతరాయం అట్ట కూడా కథలో భాగమే అనుకున్నారు."

"వారంలోనా?" అన్నాడు వెనకనుంచి ఒక కల వాది. "మన డైలీ సీరియల్ వాళ్ళకి పోటీ వచ్చేశారే."

నవ్వారు. నవ్వు సగంలో ఉండగా స్పీకరులోంచి మూడు దెబ్బలు వినిపించాయి. తలుపు తట్టిన చప్పుడు.

వెంకటరత్నం పుస్తకం కుర్చీలో పడేసి బయటికి పరిగెత్తాడు. ఏడు పన్నెండుకు మొదలైన భాగంలో అప్పటికి ఏడు నిమిషాలయ్యాయి. ధ్రువనౌక వస్తుండగా అతను తెరముందునుంచి లేవడం అదే మొదలు. క్యాంటీను వంద గజాల దూరం. సునంద టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది.

"మేడం గారూ... తలుపు... తలుపు కొడుతున్నారు."

"ఎవరు?"

"మీరే!"

సునంద గ్లాసు కింద పెట్టలేదు. గ్లాసుతోనే వచ్చింది. వాళ్ళిద్దరూ కంట్రోల్ రూము గుమ్మంలోకి వచ్చేసరికి తెరమీద తలుపు పిడి తిరుగుతోంది. ఓడ లోపలినుంచి ఎవరూ తియ్యలేదు. బయటినుంచి తిరిగింది.

"బయట కూడా పిడి ఉందా!" అన్నాడు వెంకటరత్నం. స్రవంతి తర్వాత వెతికితే, పదకొండో భాగంలో రెండు సెకన్లపాటు అది కనబడింది. అతని పుస్తకంలో ఆ సంగతి లేదు. తలుపు వాదులకూ తట్టలేదు.

ధనిష్ఠ లోపలికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ సునంద ముఖం, వెండి రంగు బట్టలు. నుదుటిమీద మూడు తెల్ల వెంట్రుకల పాయలు. కాలం గడిస్తే మనిషి జుట్టు తెల్లబడుతుందని రైతుల కార్యక్రమంలో ముసలివాళ్ళను చూసి నేర్చుకున్నట్టున్నారు. హెల్మెట్ తలకు పెట్టుకుని ఉంది. పొట్ట దగ్గర అడ్డం ఏమీ లేదు. ఇదివరకు హెల్మెట్ పట్టుకున్న చేత్తో ఒక పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నేను ధనిష్ఠ," అంది. గొంతు సునందదే. "తలుపు తెరిచాను. నాతో నారు ఉంది."

సీరియల్లో పిల్లలెవరూ లేరు. పాప, బిడ్డ, కూతురు అన్న మాటలు హైదరాబాదునుంచి ఆ రెండు కార్యక్రమాల్లో ఒక్కసారి కూడా పోలేదు. పోయిన వాటిలో వాళ్ళకు దగ్గరగా దొరికింది నారు.

కెప్టెన్ అడిగాడు: "నారు వయసు ఎంత?"

"నాలుగు ఆకులు వేసింది."

బుష్‌కోటు మనిషి ముందుకొచ్చాడు. పిల్ల ముందు వంగాడు. పిల్లకు సునంద నుదురు ఉంది. ముక్కుమీద చంద్రశేఖరం కళ్ళజోడు ఉంది.

"నాలుగు ఆకుల నారు," అన్నాడతను. "ఆలస్యం చెయ్యకుండా నాటాలి."

పిల్లను తీసుకెళ్ళి ధనిష్ఠ కుర్చీలో, దారి చూపే బల్ల ముందు కూర్చోబెట్టారు. ఓడ తిరిగింది. ఇరవై ఆరో నిమిషంలో బుష్‌కోటు మనిషి తెరవైపు తిరిగి నమస్కారం పెట్టాడు. పెట్టి, కుడివైపుకు చూశాడు. బొమ్మ అటు జరిగింది. అక్కడ గడియారం లేదు. ధనిష్ఠ ఉంది.

చుక్కలు వచ్చాయి.

మొదట నవ్వింది సునంద. "గడియారమట! గడియారం!" అంటూ నవ్వింది. టీ ఒలికింది. చంద్రశేఖరం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పద్దెనిమిది కాంతి సంవత్సరాల దూరంలో కూడా పరువు తీశారు," అన్నాడు. సంఘం సభ్యులు లేచి చప్పట్లు కొట్టారు. తలుపు వాదులూ కవల వాదులూ కల వాదులూ ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు. మూడు వర్గాల వాదమూ ఓడిపోయింది కాబట్టి ఎవరికీ బాధ లేదు.

స్రవంతి నవ్వలేదు. ముప్పై ఏడో భాగం తెరమీదికి తెచ్చి ఒకచోట ఆపింది. ధనిష్ఠ హెల్మెట్‌ను పొట్టకు అడ్డంగా పట్టుకుని నిలబడి ఉంది. పక్కనుంచి, వేళ్ళ కింద, గుండ్రంగా కొంచెం కనబడుతోంది. ఆమె వేలుపెట్టి చూపించింది.

"రాష్ట్రమంతా చూసింది అప్పుడు. మనకి హెల్మెట్ కనబడిందమ్మా. వాళ్ళకి నేను కనబడ్డాను."

సునంద దగ్గరికొచ్చి చూసింది.

"వాళ్ళు కథనంతా నీచుట్టూ తిప్పారే," అంది. "నేను చచ్చింది నీకోసమని నేననుకున్నాను. వాళ్ళేమో నేను తిరిగొచ్చింది నీకోసమంటున్నారు."

అప్పుడు స్రవంతి నవ్వింది. నవ్వుతూ తల్లి భుజంమీద తల పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

వెంకటరత్నం కుర్చీలోంచి పుస్తకం తీశాడు. '40' అని రాసి ఉంది. దాని కింద ఖాళీ. "ఒక్క ముక్క రాయలేదమ్మా," అన్నాడు. "మళ్ళీ వెయ్యండి."

*

వార్త శుక్రవారం మధ్యాహ్నానికి ప్రపంచమంతటికీ తెలిసింది. శనివారానికి ఎర్రగుట్ట కింద నాలుగు వందల కార్లు నిలిచాయి. పల్సార్ కొలత పోయింది. జూన్‌లో మీదివాళ్ళు ఆ సంగతి అడిగారు. రెడ్డెప్ప చెప్పిన జవాబు ఇది: "నక్షత్రం మళ్ళా మూడేండ్లకు వస్తాది. యాడికీ పోదు. ఆయమ్మి ఉద్యోగం కూడా యాడికీ పోదు." పోలేదు.

నలభై ఒకటో భాగం మరుసటి గురువారం వచ్చింది. దాని పేరు మారింది. పేరు పలకలో 'నారు' అని ఒక్క మాటే ఉంది. సంఘం నూట పదిహేడు ఉత్తరాల్లో అడిగిన సీరియల్ ఇంకెవరో తీసి పంపారు. సభ్యులు ఇప్పుడు రెండు వర్గాలయ్యారు. పిల్ల పెద్దయ్యాక కెప్టెన్ అవుతుందనేవాళ్ళు, ఓడలో వరి పండిస్తుందనేవాళ్ళు.

జవాబు పంపాలా వద్దా అని చాలా దేశాలు చాలా రోజులు మాట్లాడుకున్నాయి. ఏం పంపాలన్నదాని మీద ఇంకా ఎక్కువ రోజులు మాట్లాడుకున్నాయి. చివరికి వెంకటరత్నం రాసిన ఉత్తరమే ఖాయమైంది. అది నూట పద్దెనిమిదోది. అందులో ఉన్నది ఇంతే: వాళ్ళు సీరియల్ ప్రేక్షకులు, కాబట్టి వాళ్ళకు సీరియల్ పంపాలి. ఒక భాగం, ఇరవై ఆరు నిమిషాలు. చేరడానికి పద్దెనిమిదేళ్ళు పడుతుంది. గురువారం చేరేలా పంపాలి.

అందులో పాప, బిడ్డ, కూతురు అన్న మూడు మాటలూ ఉండాలని స్రవంతి కోరింది. వాళ్ళకు పనికొస్తాయంది. ధనిష్ఠ వేషం సునందదే. దాని గురించి ఎవరూ రెండో మాట మాట్లాడలేదు. పిల్ల వేషానికి ఎవరన్నప్పుడు అందరూ ఒకవైపే చూశారు.

"నాకు ముప్పై ఆరేళ్ళు," అంది స్రవంతి.

"అదీ నిజమే. ఎన్ని ఆకులేసుంటావో," అన్నాడు చంద్రశేఖరం. అతను అప్పటికే బుష్‌కోటు వేసుకున్నాడు.

ఆ ఆదివారం సత్యనారాయణపురంలో షాపు మూసి ఉంది. లోపల సునంద వెండి రంగు బట్ట పరిచి, మెడలోంచి టేపు తీసింది.

"చేతులెత్తు. ఊపిరి బిగబట్టకు, మామూలుగా ఉండు. కదలకే!"

స్రవంతి చేతులెత్తి నిలబడింది. సునంద భుజం కొలిచింది, చెయ్యి కొలిచింది, నడుం కొలిచింది. అంకెలు సుద్దతో బట్టమీద రాసుకుంది. బల్లమీద స్కూటరు హెల్మెట్ ఒకటి ఉంది. పొద్దున్నే వేసిన వెండి రంగు ఇంకా ఆరలేదు.

"మరి అది ఎక్కడ పట్టుకోనమ్మా?"

"తలకి పెట్టుకో. దాని పని అదే," అంది సునంద, టేపు చుట్టేస్తూ.